బడి అంగడి కాదు, సర్కారు మనకు పడ్డ బాకీ

జూన్ నెల వస్తే డోంగ్లి చౌరస్తాకు కొత్త కళ వస్తుంది. పొద్దున ఏడున్నరకు పసుపుపచ్చ బస్సు వచ్చి ఆగుతుంది. మెడకు టై, కాళ్లకు బూట్లు, వీపు మీద మోయలేనంత సంచి. పిల్లలు ఎక్కుతారు. బస్సు మద్నూర్ దిక్కో, బిచ్కుంద దిక్కో, సరిహద్దు దాటి దెగ్లూర్ దిక్కో పోతుంది. గంట దాటినాక అదే తొవ్వన ఇంకొందరు పిల్లలు నడుచుకుంటూ వస్తారు. కాళ్లకు చెప్పులుంటే ఉంటాయి, లేకుంటే లేదు. వీళ్లు సర్కారు బడి పిల్లలు.

మాదిగవాడలో ఒక ఇల్లు మాకు బాగా తెలుసు. ఆ ఇంట్లో అన్న బస్సు ఎక్కుతాడు. చెల్లె నడుస్తుంది. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి రెండు బడులు. ఎందుకమ్మా ఇట్ల చేసినవ్ అని అడిగితే ఆ తల్లి దాచకుండా చెప్పింది. "ఇద్దర్ని పంపే తాకత్ లేదు సారూ. పోరడన్న ఇంగిలీషు నేర్వనీ అని. ఆడపిల్ల ఎన్నటికైనా ఇంకొకరింటికి పొయ్యేదే గదా."

ఆడపిల్లను అట్ల అనొద్దని, సర్కారు బడిలో కూడా చదువుకున్న సార్లే ఉన్నారని, ఇద్దర్నీ అక్కడికే పంపమని మేము చెప్పబోయాం. ఆమె మా ముఖం చూసి ఒక్క మాట అడిగింది. "గంత మంచిగుంటె మీ పిల్లల్ని గాడికెందుకు తోలుతలేరు సారూ?"

మేము సర్కారు పంతుళ్లం. మా తాత జీతం ఉన్నాడు, మా నాయిన కైకిలి చేశాడు, మేము సర్కారు బడిలో చదివి, సర్కారు హాస్టల్లో తిని, మా ఖాందానులో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లం. మాలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఆ పసుపుపచ్చ బస్సులోనే ఉన్నారు. ఆ తల్లికి మేము జవాబు చెప్పలేకపోయాం. ఈ సంచికలో రాస్తున్నది ఆమెకు బాకీ పడ్డ జవాబే.

మొదట ఒక మాట తేల్చుకుందాం. కూలి చేసుకుని పిల్లను ప్రైవేటు బడికి పంపే తల్లిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంగ్లీషు మీద మనవాళ్ల ఆశను ఎగతాళి చేసే పెద్దమనుషులు కొందరున్నారు. మాతృభాష గొప్పతనం గురించి సభల్లో మాట్లాడుతారు, వాళ్ల మనవలు మాత్రం అమెరికాలో ఉంటారు. మన డోంగ్లి, మద్నూర్ దిక్కు మాతృభాషంటే ఒక్కటి కాదు. ఒక ఇంట్లో తెలుగు, పక్క ఇంట్లో మరాఠీ, ఇంకొకరింట్లో కన్నడం. ఇక్కడి పిల్లకు తెలుగు కూడా బడిలోనే నేర్చుకునే భాష అయినప్పుడు, ఇంగ్లీషు కూడా నేర్పమని తల్లి అడగడంలో తప్పేముంది? సంస్కృతం మనకు చెప్పకుండా వెయ్యేళ్లు దాచినవాళ్ల వారసులు, ఇప్పుడు ఇంగ్లీషు మీకెందుకని అడిగితే మనం వినాల్సిన పని లేదు. కొనడానికి పోయిన తల్లిది కాదు తప్పు. ఊరి బడిలో ఉచితంగా దొరకాల్సినదాన్ని అంగడిలో కొనుక్కునే గతి పట్టించినవాళ్లది తప్పు.

ఆ అంగడి లెక్క చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. వంద రోజులు నిండా పని దొరికి, కొలతల్లో కోత పడకుండా పూర్తి కూలి చేతికి వస్తే 30,700 రూపాయలు. ఇప్పుడు ఫీజు, బస్సు కిరాయి, పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, బూట్లు, అన్నీ కలిపి ఒక పిల్లకు ఏడాదికి ఇరవై వేలు అనుకుందాం. పట్నంలో ఉన్నవాళ్లు ఇరవై వేలకు ఏ బడి దొరుకుతుందని నవ్వుతారు, అయినా అంతే అనుకుందాం. ఒక్క పిల్ల చదువుకు 65 రోజుల మట్టి పని. ఇద్దరు పిల్లలైతే 130 రోజులు. ఆ ఏడు సర్కారు ఇస్తానన్న పనే వంద రోజులు. మిగిలిన ముప్పై రోజుల కూలి ఎక్కడి నుంచి రావాలి? ఇంటిల్లిపాది తిండి ఎక్కడి నుంచి రావాలి? అందుకే అన్న బస్సు ఎక్కుతాడు, చెల్లె నడుస్తుంది. అందుకే పుస్తెలతాడు గిర్వికి పోతుంది, మూడు రూపాయల మిత్తికి పైసలు వస్తాయి. మన తాతలు పెళ్లికి, చావుకు అప్పు చేసి దొర దగ్గర జీతం ఉన్నారు. ఇప్పుడు మనం చదువుకు అప్పు చేసి జీతం ఉంటున్నాం. దొర మారిండు, అప్పు మారలేదు.

మరి దీనికి చట్టం లేదా? ఉంది. 1994 జనవరి 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబరు 1 ఇచ్చింది. ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజు ఎట్ల ఖర్చు పెట్టాలో అందులో పైసా పైసా రాసింది. వంద రూపాయల ఫీజు వస్తే 50 రూపాయలు సిబ్బంది జీతాలకు పోవాలి. 15 రూపాయలు వాళ్ల గ్రాట్యుటీ, భవిష్య నిధి, బీమాలకు పోవాలి. 15 రూపాయలు బడి నిర్వహణకు, 15 రూపాయలు బడి అభివృద్ధికి పోవాలి. యాజమాన్యం తీసుకోవాల్సింది 5 రూపాయలు. వందకు అయిదు! ఇంకా వెనక్కి పోతే, క్యాపిటేషన్ ఫీజు నిషేధించిన చట్టం 1983 నాటిది. విద్యా హక్కు చట్టం కూడా క్యాపిటేషన్ ఫీజు, చిన్నపిల్లలకు పెట్టే ప్రవేశ పరీక్ష రెండూ నేరమే అన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చి, ఆ ఏడు ఫీజు పెంచొద్దని, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెలనెలా తీసుకోవాలని చెప్పింది. కాగితం మీద మనకు అన్నీ ఉన్నాయి. కాగితాన్ని పట్టుకుని బడి గేటు దాకా పోయే అధికారి మాత్రం దొరకడు. ఏళ్ల తరబడి చాలా మండలాలకు సొంత ఎంఈఓ లేక ఒక హెడ్మాస్టరుకే ఇన్‌చార్జి కట్టబెట్టి నడిపించారు. తన బడినే చూసుకోలేని మనిషి మండలంలో ఉన్న ప్రైవేటు బడుల లెక్కలు ఎప్పుడు చూడాలి? చూసేవాడు ఉండొద్దనే ఆ కుర్చీ ఖాళీ పెట్టారా అని మేము అడుగుతున్నాం.

ఆ బడుల్లో పాఠం చెప్పేది ఎవరో కూడా చూడండి. మన పిల్లలే. డిగ్రీ, బీఈడీ చేసి, డీఎస్సీ కోసం కండ్లు కాయలు కాసేదాకా ఎదురుచూసి, చివరికి నెలకు కొన్ని వేలకు కుదిరిన మాల, మాదిగ, బీసీ యువతీ యువకులు. సెలవుల్లో జీతం ఉండదు. నియామక కాగితం ఉండదు. వందలో యాభై రూపాయలు ఎవరికి పోవాలని జీవోలో రాసి ఉందో, వాళ్లే 2020లో బడులు మూతపడగానే రోడ్డున పడ్డారు. కూరగాయలు అమ్మారు, ఉపాధి పనికి పోయారు. చివరికి 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వమే ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. లాభం వచ్చినన్ని రోజులు యాజమాన్యానిది, కష్టం వస్తే సర్కారుది! ఈ వ్యాపారంలో కొనే తల్లీ మోసపోతున్నది, పాఠం అమ్ముకునే బిడ్డా మోసపోతున్నాడు. ఇద్దరూ మన వాడవాళ్లే.

చదువు మీద మన హక్కు దయాధర్మంగా వచ్చింది కాదు. మన సరిహద్దుకు అవతలి కథే ఒకటి చెప్పుకుందాం. మహారాష్ట్రలో ఉన్న మాంగులు అంటే ఇటు మన మాదిగలే. 1848లో పుణెలో జోతిబా ఫూలే, సావిత్రీబాయి ఆడపిల్లలకు బడి పెట్టారు. తర్వాత మాంగు, మహారు పిల్లలకూ బడులు పెట్టారు. వాళ్ల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగు పిల్ల 1855లో, పద్నాలుగేళ్ల వయసులో, మాంగు మహారుల దుఃఖం గురించి వ్యాసం రాస్తే అది అచ్చయింది. వేదాలు మాకు కాదంటే మరి మా మతం ఏదని ఆ పిల్ల నిలదీసింది. అంటరాని కులపు ఆడపిల్లకు మూడేళ్లు బడి దొరికితే ఏమవుతుందో లోకం చూసింది. చూసినవాళ్లలో కొందరు భయపడ్డారు కూడా.

1882లో ఇంగ్లీషు ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ముందు ఫూలే ఒక లెక్క పెట్టాడు. ఖజానా నిండేది రైతుల చెమటతో, ఖర్చయ్యేది పై కులాల పెద్ద చదువులకు అన్నాడు. పల్లె పిల్లలందరికీ పన్నెండేళ్ల దాకా చదువు నిర్బంధం చేయమని అడిగాడు. మన హైదరాబాద్ రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో ఆదిహిందువుల పిల్లలకు బడి పెట్టాడు. ఒక్క బడి ఎన్నో బడులైంది. తర్వాత వాటిని నడిపే బాధ్యత నిజాం ప్రభుత్వం తీసుకుంది. దళితుల చదువుకు నిజాం కోటి రూపాయల నిధి కేటాయించడం వెనక బి.ఎస్. వెంకట్రావు కృషి ఉంది. గుర్తు పెట్టుకోండి. మనవాళ్లు బడులు పెట్టింది వాటిని అమ్ముకోవడానికి కాదు. మేము మొదలుపెట్టి చూపించినం, ఇక నడపాల్సింది మీరు అని సర్కారు మెడ మీద బాధ్యత పెట్టడానికి.

బాబాసాహెబ్ 1927లోనే బొంబాయి శాసనమండలిలో చదువు బడ్జెట్ మీద మాట్లాడుతూ, ఫీజుల రూపంలో ఖర్చు రాబట్టుకోవడాన్ని తప్పు పట్టాడు. చదువు ఎంత చవక వీలైతే అంత చవకగా కింది కులాలకు అందాలన్నాడు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో 1950లో కాలేజీ తెరిచాడు. ఆయన మనకిచ్చిన మూడు మాటల్లో మొదటిది చదువే. అది మొదట ఎందుకుంది? చదువు లేకుంటే కూడలేం, కూడకుంటే కొట్లాడలేం కాబట్టి.

ఇక సర్కారు బాకీ పద్దు చూడండి. 1950లో రాజ్యాంగం 45వ అధికరణంలో, పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇస్తామని రాసుకున్నారు. 1960తో గడువు అయిపోయింది. 1966లో కొఠారీ కమిషన్ ధనికుల పిల్లలు, పేదల పిల్లలు ఒకే బడిలో చదవాలని, జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని చెప్పింది. దాన్ని అటకెక్కించారు. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అన్నది. ఆ కేసులో ప్రతివాది మరెవరో కాదు, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. అంతకు ఒక్క ఏడాది ముందే, 1992లో, ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల మీద హైకోర్టు తప్పు పట్టడంతో మన ముఖ్యమంత్రి రాజీనామా చేశాడు. చదువు వ్యాపారం రాజ్యం మెట్లెక్కిందని అప్పుడే తెలిసిపోయింది. 2002లో రాజ్యాంగాన్ని సవరించి 21ఎ అధికరణం చేర్చారు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అరవై ఏళ్లకు ఒక చట్టం! కిలోమీటరులో ప్రాథమిక బడి, అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు, తాగే నీళ్లు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, ఇవన్నీ చట్టంలోని మాటలే. అడిగేది భిక్ష కాదు, పద్దులో రాసి ఉన్న బాకీ.

ఆ బాకీ ఎట్ల ఎగ్గొట్టారో మేము బడి లోపల నుంచి చూసినం. బడి గోడలు ఒక్కరోజు కూలగొట్టరు. ముందు ఒక సారును డిప్యుటేషన్ మీద తీసుకపోతారు. రిటైరైన సారు జాగా నింపరు. 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. దాని తర్వాత పెద్ద నియామకం 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ. 2017లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి ఎనిమిదో తరగతికి వచ్చింది. ఆ పిల్ల పోగొట్టుకున్న లెక్కలు, చదువని పాఠాలు ఏ నోటిఫికేషన్ తిరిగి ఇస్తుంది? నడుమ బడిని మోసిన విద్యా వాలంటీర్లను 2020లో ఇంటికి పంపారు. రాష్ట్రంలో ఒక్క టీచరుతో నడిచే బడులు వేలల్లో ఉన్నాయి. అయిదు తరగతులు, ఒక్క సారు. ఆ ఒక్కరే మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, ఆన్‌లైన్లో హాజరు ఎక్కించాలి, మీటింగుకు పోవాలి, ఓటరు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. మిగిలిన టైములో అ ఆలు, ఏబీసీడీలు చెప్పాలి.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నారు. మేము చప్పట్లు కొట్టినం. మన తల్లుల ఆశ అదే కాబట్టి. కానీ ఇంగ్లీషు పుస్తకం వచ్చినంత తొందరగా ఇంగ్లీషు చెప్పే సారు రాలేదు. అదే ఏడు 'మన ఊరు - మన బడి' పేరుతో 26 వేల పైచిలుకు బడులకు 7,289 కోట్లు పెడతామన్నారు. కొన్ని బడులకు రంగులు పడ్డాయి, కొన్నింటికి పునాదులే పడ్డాయి. 2023 డిసెంబరులో సర్కారు మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పేరు మారింది, బోర్డు మారింది. రాష్ట్ర బడ్జెట్‌లో చదువు వాటా మాత్రం పెద్దగా మారలేదు. 2025-26లో 3 లక్షల 4 వేల కోట్ల బడ్జెట్‌లో చదువుకు ఇచ్చింది 23,108 కోట్లు. రూపాయికి ఏడున్నర పైసలు. ఎన్నికల ముందు పదిహేను పైసలు పెడతామన్నది కూడా ఈ పాలక పార్టీయే.

ఫలితం ఏమైంది? 2024-25లో తెలంగాణలో ఒక్క పిల్ల కూడా చేరని బడులు 2 వేలకు పైనే ఉన్నాయని కేంద్రం లెక్క చెప్పింది. ఇప్పుడు అధికారులు అంటారు, పిల్లలు లేరు కాబట్టి బడి ఎందుకు అని. అయ్యా, మాట తిప్పకండి. బడి నుంచి ముందు పోయింది పిల్లలు కాదు, సర్కారు. సారు పోయిండు, నీళ్లు పోయినయ్, భరోసా పోయింది. చివరికి పిల్లలు పోయారు. బర్రెకు గడ్డి వెయ్యకుండా ఎండబెట్టి, పాలియ్యదు కాబట్టి కోతకు అమ్ముతానన్నట్టు ఉంది ఈ న్యాయం.

ఈ కథ మన ప్రాంతానికి కొత్తది కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మనందరికీ తెలుసు. 1937లో నిజాం కాలంలో పెట్టింది. మన చెరుకు బండ్లు, మన కూలీల చేతులు దాన్ని నడిపినయ్. సర్కారు ఫ్యాక్టరీ నష్టాల్లో ఉందని చెప్పి 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. తెరిపిస్తామని ప్రతి ఎన్నికలో చెప్తారు. ప్రైవేటు వాడికి లాభం ఉన్నన్ని రోజులే ఫ్యాక్టరీ, లాభం లేని రోజు గేటుకు తాళం. రేపు బడి సంగతి కూడా అంతే. ఊరి సర్కారు బడి మూతపడ్డ తెల్లారి ప్రైవేటు బస్సు కిరాయి పెంచితే ఎటు పోతాం? పిల్లలు తక్కువున్నారని ఆ బస్సే మన ఊరికి రావడం మానేస్తే ఎవరిని అడుగుతాం? చక్కెర లేకుంటే బెల్లంతో చాయ్ తాగొచ్చు. బడి లేకుంటే మళ్లీ బర్ల వెంట పోవాల్సిందే.

ఇంకొక నష్టం ఉంది. దాని గురించి మన సంఘాలు కూడా ఎక్కువ మాట్లాడడం లేదు. సర్కారు బడి మూతపడితే ఒక గది మాత్రమే పోదు. ఒక కొలువు పోతుంది. ఆ కొలువులో రిజర్వేషన్ పోతుంది. ప్రైవేటు బడిలో రోస్టర్ పాయింటు లేదు. ముప్పై ఏళ్లు కొట్లాడితే 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. పదిహేను శాతాన్ని ఒకటి, తొమ్మిది, అయిదుగా పంచారు. మాదిగలు సంతోషపడ్డారు, మాలలు బాధపడ్డారు, రెండు వాడల మధ్య మాటామాటా పెరిగింది. సోదరులారా, ఒక్కసారి ఆలోచించండి. మన గ్రామాల్లో మన పిల్లకు ఎక్కువగా దొరికే కొలువు టీచరు కొలువే. సర్కారు బడే లేకపోతే ఆ తొమ్మిది దేంట్లో తొమ్మిది? ఆ అయిదు దేంట్లో అయిదు? రొట్టె ముక్కల కోసం మనం తగువు పడుతుంటే పొయ్యినే ఆర్పేస్తున్నారు. వర్గీకరణకు అటు ఉన్నవాళ్లు, ఇటు ఉన్నవాళ్లు కలిసి నిలబడగలిగే జాగా ఏదన్నా ఉందంటే అది ఊరి బడి గేటు ముందరే.

మాకు కొందరు మిత్రులు చెప్తారు. సర్కారే పైసలు కట్టి మన పిల్లల్ని ప్రైవేటులో చదివిస్తే సరిపోదా అని. చదివించిన తీరు చూసినం కదా. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని మంచి ప్రైవేటు బడుల్లో చేర్చారు. ఏళ్ల తరబడి బకాయిలు చెల్లించలేదు. 2025 దసరా సెలవుల తర్వాత పెట్టె పట్టుకుని పోయిన మన పిల్లల్ని బకాయిల పేరు చెప్పి గేటు బయట నిలబెట్టిన బడులు ఉన్నాయి. సర్కారు ఇవ్వాల్సిన పైసలకు ఎనిమిదేళ్ల పిల్ల ఎండలో నిలబడి జవాబు చెప్పాలె! గుడి బయట నిలబెట్టిన రోజులు పోయినయ్ అనుకుంటే బడి బయట నిలబెట్టే రోజులు వచ్చినయ్. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న విద్యా హక్కు చట్టం నిబంధన సంగతి కూడా అంతే. 2012లో సుప్రీంకోర్టు అది సరైనదే అన్నది. మన రాష్ట్రంలో ఏళ్లకేళ్లు కాగితం దాటలేదు. ఆ సీట్లు మన హక్కు. వదులుకోవద్దు, ప్రతి బడిలో లెక్క అడగాలి. గురుకులాలు మన పిల్లల్ని ఎంతోమందిని పైకి తెచ్చినయ్, అవి ఇంకా పెరగాలి. అయితే పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న పిల్ల ఒక్కతి. సీటు రాని పిల్లలు పది మంది. ఆ పది మందికి ఊరి బడి తప్ప దిక్కు లేదు. పక్క తలుపులు ఎన్ని తెరిచినా పెద్ద దర్వాజ మూసి ఉంటే ఇంట్లోకి అందరూ రాలేరు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. మీ పిల్లల్ని ఎందుకు తోలుతలేరు సారూ?

నిజం చెప్పాలి. మేము చెప్పే చదువు మీద మాకే నమ్మకం తగ్గింది. మేము నెలకు జీతం తీసుకునేది సర్కారు బడి పేరు మీద, దాంట్లో కొంత ఫీజుగా కట్టేది ప్రైవేటు బడికి. 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌లో ఒక తీర్పు చెప్పింది. సర్కారు ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్లందరి పిల్లలూ సర్కారు బడిలోనే చదివేలా చూడమన్నది. ఆ తీర్పు అమలు కాలేదు. ఎందుకు కాలేదో అందరికీ తెలుసు. కలెక్టరు బిడ్డ చదివే బడిలో సారు లేకుండా ఒక్క రోజు ఉంటుందా? ఎమ్మెల్యే మనవడు తాగే నల్లాలో నీళ్లు రాకుండా ఒక్క పూట ఉంటుందా? మన జుక్కల్ ఎస్సీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. మన కులపు మనిషే అసెంబ్లీకి పోతాడు. పోయినాయన పిల్లలు, మనవలు ఏ బడిలో చదువుతున్నారని ఓటు అడగడానికి వచ్చినప్పుడు మనం ఎన్నడన్నా అడిగినమా? అడగాలి. అంతకన్నా ముందు మమ్మల్ని అడగాలి. మా సంఘాలు పీఆర్సీ కోసం, బదిలీల కోసం ధర్నా చేస్తాయి, చేయాల్సిందే. బడిలో సారు లేడని ధర్నా ఎందుకు చేయవు? చదువుకుని, కొలువు సంపాదించి, వాడ నుంచి వెళ్లిపోయిన మాలాంటివాళ్లు వాడకు బాకీ ఉన్నారు. ఆ బాకీ సంగతి బాబాసాహెబ్ కూడా కన్నీళ్లతో చెప్పుకున్నాడని పెద్దలు అంటారు. చదువుకున్నవాళ్లే మోసం చేశారని ఆయన బాధపడ్డ చోట మేము నిలబడదలచుకోలేదు.

ఏం చేద్దాం? మాటలు చాలు, పని చెప్పుకుందాం.

ఒకటి. డోంగ్లి 2022లో కొత్త మండలమైంది. మండల బోర్డు వచ్చింది కాబట్టి మండలానికి రావాల్సినవన్నీ రావాలి. మండలంలో ప్రతి సర్కారు బడిలో మంజూరైన పోస్టులెన్ని, ఉన్న సార్లెందరు, డిప్యుటేషన్ మీద పోయిందెవరు, ఈ లెక్క సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడుగుదాం. కార్యకర్తలు ఒక్కో ఊరు పంచుకోండి. వచ్చిన జవాబు గ్రామపంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

రెండు. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన వాడ తల్లులు ఆ కమిటీలో వేలిముద్ర వేయడానికి కాదు, అడగడానికి కూర్చోవాలి. నెలనెలా మీటింగు జరగాలి. చదువు రాదని జంకొద్దు. పిల్లకు పలక మీద ఏం రాయొస్తుందో చూడటానికి తల్లికి డిగ్రీ అక్కర లేదు.

మూడు. ప్రైవేటు బడిలో కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడగండి. ఫీజుల పట్టిక గోడ మీద పెట్టమనండి. పుస్తకాలు, బట్టలు మా దగ్గరే కొనాలంటే ఏ జీవోలో ఉందో చూపమనండి. జీవో నంబరు 1 కాపీ ప్రతి ఊరి సంఘం దగ్గర ఉండాలి. అడిగిన తల్లిదండ్రుల పిల్లను వేధిస్తే ఆ ఒక్కరే కొట్లాడరు, వాడ వాడంతా పోతుంది.

నాలుగు. ఒకే ఇంట్లో కొడుకుకు ఒక బడి, బిడ్డకు ఒక బడి వద్దు. పంపితే ఇద్దర్నీ ఒక్క బడికే పంపుదాం. బిడ్డ చదువు తక్కువ చేసి కొడుకును చదివిస్తే మనువు చెప్పిన మాట మనం మన చేతులతో అమలు చేసినట్టే. ముక్తా సాల్వే మన బిడ్డే అని మరిచిపోవద్దు.

అయిదు. ఇది మా మీద మేము పెట్టుకుంటున్న మాట. మా సంఘంలో ఉన్న సర్కారు టీచర్లం ముందు మా పిల్లల్ని మేము పని చేసే బడికి తోలుదాం. అందరూ ఒక్కసారి కాకపోయినా, ప్రాథమిక తరగతుల పిల్లలున్నవాళ్లం మొదలుపెడదాం. రాత్రిపూట వాడ కమ్యూనిటీ హాల్లో రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు, లెక్కలు చెప్పుకుందాం. ఇది సర్కారు బాధ్యత మనం మోయడానికి కాదు. సర్కారు మెడలు వంచేదాకా మన పిల్లల ఏళ్లు వృథా కాకుండా కాపాడుకోవడానికి.

ఈ పనులు చిన్నవిగా కనిపిస్తాయి. చిన్నవి కావు. ఊరంతా కలిసి ఒక బడి గేటు ముందు నిలబడితే అందులో మాదిగ, మాల, బీసీ, ముస్లిం, లంబాడా, పేద రెడ్డి తల్లి కూడా ఉంటుంది. అంగడిలో ఎవరి బేరం వాళ్లదే. బడి గేటు ముందు మాత్రం అందరిదీ ఒకే బేరం. పాలకులకు భయం కలిగేది అక్కడే.

వచ్చే జూన్‌లో డోంగ్లి చౌరస్తాలో మళ్లీ బస్సు ఆగుతుంది. అన్న ఎక్కుతాడో లేదో మాకు తెలియదు. కానీ చెల్లె నడిచి పోయే బడిలో ఆ రోజు గంట కొట్టేవాళ్లు ఉండాలి, పాఠం చెప్పే ఇద్దరు సార్లుండాలి, అదే బెంచీ మీద ఆమె పక్కన మా బిడ్డ కూర్చుని ఉండాలి. అప్పుడు ఆ తల్లి ఎదురుపడితే మేము తల దించుకోకుండా మాట్లాడగలుగుతాం.

జై భీమ్.